భుజం మీదికి ఏ గుడ్డ కొనాలి? కండువా, తేలియా, చున్నీ, మఫ్లర్

మా నాన్న టీచరుగా రిటైరైన రోజు పదకొండు శాలువాలు కప్పారు. అన్నీ ఒకే రకం. మెరిసే జరీ అంచు, ముట్టుకుంటే గరగరలాడే పాలిస్టరు, పైన ప్లాస్టిక్ కవరు. వాటిలో ఒక్కటి కూడా ఆయన రెండోసారి కప్పుకోలేదు. రెండు వేరేవాళ్ళ సన్మానాలకు వెళ్ళిపోయాయి, ఒకటి ఇస్త్రీ బల్ల మీదికి చేరింది, మిగిలినవి బీరువా అడుగున పడి ఉన్నాయి. ఆయన భుజం మీద మాత్రం ఎప్పుడూ ఎర్రంచు తెల్ల నూలు తువ్వాలే. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి విసిరి సీటు పట్టేది దానితోనే. చెమట తుడుచుకునేది, సంతలో మామిడికాయలు మూటగట్టేది, మధ్యాహ్నం అరుగు మీద మడిచి తలకింద పెట్టుకునేది కూడా అదే.

"మంచి స్కార్ఫ్ ఏది కొనమంటావ్?" అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ బీరువా గుర్తొస్తుంది. చూపించుకోవడానికి తయారైన గుడ్డ కొని తుడుచుకుందామనుకుంటాం, ఎండకు పనికొచ్చేది కొని చలికి చుట్టుకుంటాం, తర్వాత డబ్బులు దండగయ్యాయని బాధపడతాం. కాబట్టి రంగు, బ్రాండు సంగతి తర్వాత. ఆ గుడ్డ తుడవడానికా, కప్పడానికా, చూపడానికా అన్నది కొట్టుకెళ్ళే ముందే తేల్చుకోండి.

పేర్లలోనే పని ఉంది

ఈ గుడ్డ పుట్టిందే పని కోసం. రుమాలు పారశీక మాట. రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది. తెలంగాణలో జేబురుమాలును దస్తీ అంటారు, దస్త్ అంటే చెయ్యి. రోమన్లు వెంట ఉంచుకున్న గుడ్డ పేరు సుడేరియం, అంటే చెమట గుడ్డ. కర్చీఫ్ కథ ఇంకా తమాషా. పాత ఫ్రెంచిలో దానికి తల కప్పేది అని అర్థం. తల మీంచి చేతిలోకి దిగాక హ్యాండ్‌కర్చీఫ్ అయింది, అంటే చేతి తలగుడ్డ! దుపట్టా అంటే రెండు పట్టాలు, రెండు పన్నాల గుడ్డ. మన ఉత్తరీయం మాత్రం ఎక్కడ వేసుకోవాలో చెబుతుంది. కింద కట్టేది అంతరీయం, పైన వేసేది ఉత్తరీయం. అమరావతి స్తూపం పలకల మీద చెక్కిన మనుషుల ఒంటి మీద ఈ రెండే కనిపిస్తాయి, కుట్టిన బట్ట దాదాపు ఉండదు.

పని గుడ్డ హోదా గుడ్డగా మారడం అన్నిచోట్లా జరిగిందే. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు తరఫున పోరాడిన క్రొయేషియా సిపాయిల మెడగుడ్డ అక్కడి దొరలకు నచ్చింది. క్రొయేట్ అన్న మాటే క్రావట్ అయింది, ఇవాళ్టి టై దాని మనవడు. మన దగ్గర ఆ హోదాకి ఇంకో ముఖం ఉంది. దొర ఎదురైతే భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవాల్సిన రోజులు మన ఊళ్ళల్లో నడిచాయి. భుజాన గుడ్డ వేసుకుని నిలబడటమే పొగరుగా లెక్కేసిన కాలం అది. అందుకే మా తాతల తరంలో కొందరు ఊళ్ళో తిరిగేటప్పుడు పనేమీ లేకపోయినా కండువా తీసేవారు కాదు. ఇప్పుడు దాన్ని ఫ్యాషన్ అంటే నాకు కొంచెం నవ్వొస్తుంది.

ఇక పార్టీ కండువాల గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది. పసుపు, గులాబీ, కాషాయం, మూడు రంగులు, ఎరుపు. "కండువా మార్చాడు" అంటే బట్టలు మార్చుకున్నాడని తెలుగువాడెవడూ అనుకోడు. అవి కొనేవి కావు, కప్పించుకునేవి.

నూలు కండువానా, పట్టు కండువానా?

పెళ్ళికో వ్రతానికో పంచె కట్టే మగవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కొట్టులో పట్టు పంచె, కండువా సెట్టు చూపిస్తారు, మెరుస్తుంది, తీసుకుంటాం. తీరా కట్టుకున్నాక కండువా పది నిమిషాలకోసారి జారుతుంది. పట్టుకి జారే గుణం ఉంది, పైగా కింద పట్టు లాల్చీ వేస్తే ఇక చెప్పనక్కర్లేదు. నూలు కండువాకి పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే మడత భుజం మీద కూర్చుంటుంది, వంగినా పడదు. అందుకని పెళ్ళి పీటల మీద కూర్చునేవాళ్ళు పట్టు తీసుకోండి. పెళ్ళి పనుల్లో పరిగెత్తేవాళ్ళు, వడ్డన దగ్గర నిలబడేవాళ్ళు నూలు తీసుకోండి. పప్పుచారు మరక నూలు మీద ఉతికితే పోతుంది. పట్టు మీద పడితే డ్రైక్లీనింగుకి తీసుకెళ్ళాల్సిందే, అప్పటికీ పోతుందన్న గ్యారంటీ లేదు.

నూలులోనూ రకాలున్నాయి. మంగళగిరి నేత గట్టిగా, చదునుగా ఉంటుంది, రోజువారీకి అదే నా ఓటు. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు ఇంకా సన్నం, చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికే పద్ధతి అక్కడిది. ఆ దవడలోని సన్నటి పళ్ళే దువ్వెన. ధర ఎక్కువే, కానీ వేసవిలో దాన్ని మించిన కండువా నేను చూడలేదు. చెమట పీల్చడమే ముఖ్యమైతే మాత్రం అంత సన్నంవి వద్దు. కాస్త వదులు నేత ఉన్న మామూలు తువ్వాలే నయం. కొత్త తువ్వాలు నీళ్ళు పీల్చదు, గంజి వదిలేదాకా రెండు మూడు ఉతుకులు పడాలి. మొదటి రోజే తిట్టుకోవద్దు.

తేలియా రుమాలు: ఖరీదు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కానీ ఏం కొంటున్నారో తెలిసి పెట్టాలి.

తేలియా రుమాలు పుట్టింది తెలుగు నేలమీదే. చీరాల ఒక కేంద్రం, యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక ఇంకొకటి. తేల్ అంటే నూనె. నూలును ఆముదంలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో, గొర్రె పెంటలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు, మళ్ళీ నానబెడతారు. అలా చేస్తే ఎరుపు దారంలోకి ఇంకి నిలుస్తుంది. పాత రోజుల్లో ఆ ఎరుపు తీరం వెంబడి ఇసుక నేలల్లో పండే చిరివేరు నుంచి వచ్చేది, తర్వాత అలిజరిన్ అనే రసాయన రంగు వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. నేయకముందే పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డం దారాలు) రెండింటినీ లెక్క ప్రకారం ముడులు కట్టి అద్దుతారు. మగ్గం మీద ఆ రెండు లెక్కలూ కలిస్తేనే పువ్వో, చతురస్రమో, ఏనుగో కనిపిస్తుంది. ఒక్క పోగు తప్పితే బొమ్మ చెదురుతుంది.

ఒకసారి పుట్టపాకలో ఒక పెద్దాయన మగ్గం పక్కన కూర్చున్నాను. నాలుగైదు పోగులు వెయ్యడం, ఆగడం, వంగి చూడటం, సూదిమొనతో పేక దారాన్ని వెంట్రుకవాసి పక్కకి జరపడం, మళ్ళీ వెయ్యడం. నేను ఏదో అడిగితే జవాబు చెప్పలేదు. ఆ వరస పూర్తయ్యాక, "ఏమన్నవ్ బిడ్డా?" అన్నాడు. మడత విప్పి నా చేతికిచ్చిన రుమాలుకి నూనె వాసన. కొత్తదానికి అది ఉండాల్సిందే అన్నాడు. నలభై నిమిషాలు కూర్చున్నాను, గుడ్డ నా బొటనవేలంత కూడా పెరగలేదు. ధర ఎందుకంతో ఆ రోజు అర్థమైంది.

ఈ రుమాళ్ళు మన దగ్గర జాలర్లు, గొల్లలు తలకు, నడుముకు కట్టుకున్న గుడ్డలు. అవే గల్ఫు దేశాలకు ఓడలెక్కి వెళ్ళి అరబ్బుల తలగుడ్డలయ్యాయి. నూనె పట్టిన గుడ్డ ఎండలో తలకు చల్లగా ఉంటుందని పేరు. అవే నిజాం అంతఃపురంలో దుపట్టాలుగానూ మారాయి. చీరాల వైపు మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు రుమాళ్ళ పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు పోయేవి. నైజీరియాలోని కాలబారి జనం ఆ గళ్ళ గుడ్డల్లో కొన్ని దారాలు ఏరి, కత్తిరించి, లాగేసి తమ సొంత నమూనాలు తీసేవారు. మన నేతగాడు వేసిన దారాన్ని అక్కడి ఆడవాళ్ళు తీసి ఇంకో గుడ్డ చేసుకున్నారు! గల్ఫు నుంచి బావగారో తమ్ముడో తెచ్చే ఎర్రగళ్ళ తలగుడ్డ చూస్తే నాకు ఈ ఎదురు ప్రయాణం గుర్తొస్తుంది. ఒకప్పుడు మనం పంపాం, ఇప్పుడు మనకు బహుమతిగా వస్తోంది.

20వ శతాబ్దంలో ఎగుమతులు పడిపోయాక నేతగాళ్ళు అదే పనిని దుపట్టాలకు, చీరలకు మళ్ళించారు. ఈ నేతకు గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. దాంతో పేరు పెరిగింది, నకళ్ళూ పెరిగాయి. తేలియా ప్రింటు అని బోర్డు ఉంటే అది తేలియా కాదు, ప్రింటు. గుడ్డ తిరగేసి చూడండి. అసలుదానికి ముందు వైపు, వెనక వైపు ఒకేలా ఉంటాయి. బొమ్మల అంచులు గీత గీసినట్టు ఉండవు, కొంచెం ఈకల్లా చెదిరి ఉంటాయి. అచ్చు వేసినదానికి వెనక రంగు పాలిపోయి ఉంటుంది, ముందు వైపు అంచులు మరీ నీటుగా ఉంటాయి. పడుగు, పేక రెండూ అద్దిన దుపట్టా నూలుదైనా వేలల్లోనే ఉంటుంది. ఐదారు వందలకు ఎవరైనా ఇస్తామంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఎవరికి పనికొస్తుంది? ఒకటే మంచి దుపట్టా ఉంటే చాలనుకునేవాళ్ళకు. తెల్ల కుర్తా మీదా, నల్ల చీర జాకెట్టు మీదా, జీన్సు మీదా నప్పుతుంది. మగవాళ్ళు కండువాగా వేసుకున్నా ఎబ్బెట్టుగా ఉండదు. ఎవరికి వద్దు? వాసన పడనివాళ్ళకు, వాషింగ్ మెషిన్‌లో అన్నీ కలిపి వేసేవాళ్ళకు.

బండి మీద వెళ్ళేవాళ్ళకు

ఇక్కడ అందం గురించి మాట్లాడను. 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సులోని నీస్ నగరంలో నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని పొడవాటి పట్టు స్కార్ఫ్ ఆమె ఎక్కిన కారు చక్రంలో చిక్కుకుంది. ఆమె అక్కడే చనిపోయింది. మనకు ఈ కథ కోసం ఫ్రాన్సు దాకా పోనక్కర్లేదు, చున్నీ చక్రంలో పడ్డ వార్త జిల్లా పేపర్లో చదవనివాళ్ళెవరు? రెండున్నర మీటర్ల షిఫాన్ చున్నీ, వెనక సీటు, ఒకవైపు కూర్చోవడం, ఈ మూడూ కలిస్తే అది గుడ్డ కాదు, ఉరి.

స్కూటీ నడిపేవాళ్ళకు నా సలహా మీటరు లోపు నలుచదరపు నూలు స్కార్ఫ్. మూలగా మడిచి, ముఖానికి చుట్టి, కొసలు మెడ వెనక ముడేసి, ఆ ముడి టాప్ లోపలికి దోపేయండి. పైన హెల్మెట్. దళసరి గుడ్డ వద్దు, హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. సిల్కూ వద్దు, లోపల జారుతుంది. పొడవాటి చున్నీ వేసుకునే వెళ్ళాలంటే రెండు కొసలూ ముందుకు తెచ్చి నడుము దగ్గర గట్టిగా ముడెయ్యండి. వెనక కూర్చునే అత్తయ్యకో అక్కకో ఈ మాట చెప్పే బాధ్యత నడిపేవాళ్ళదే. ఇంకో భ్రమ కూడా వదిలించుకోవాలి. స్కార్ఫ్ ఎండను ఆపుతుంది, పెద్ద దుమ్మును ఆపుతుంది. పొగలో ఉండే సన్నటి కణాలను ఆపదు. ఆస్తమా ఉన్నవాళ్ళకు సరైన మాస్కే కావాలి.

కాలేజీకి, ఆఫీసుకి రోజూ చుట్టుకునే స్టోల్ అయితే రెండు మీటర్ల పొడవు, డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు చాలు. చున్నీ కంటే ఇరుకు, మఫ్లర్ కంటే వెడల్పు. ఏసీ గదిలో కప్పుకోవచ్చు, ఎండలో తల మీద వేసుకోవచ్చు. రేయాన్ స్టోల్ మెత్తగా, చవగ్గా ఉంటుంది కానీ తడిస్తే బలం తగ్గుతుంది, త్వరగా సాగిపోతుంది. ఇక్కత్ (తేలియాలాగే దారాన్ని ముందే ముడులు కట్టి అద్ది నేసే) నూలు స్టోల్‌కి కాస్త ఎక్కువ పెట్టినా ఏళ్ళ తరబడి వస్తుంది.

చలికి

మా చెల్లెలు టొరంటో వెళ్ళేటప్పుడు ఒక కొండ ఊరి షాపులో పష్మీనా అని చెప్పి నాకు స్టోల్ అంటగట్టారు. ఉంగరంలోంచి దూర్చి చూపించారు, నేను చప్పట్లు కొట్టనంత పని చేశాను. అక్కడికెళ్ళాక మొదటి ఉతుకుకే అది నీళ్ళలో పడ్డ కాగితంలా అయింది. అది విస్కోస్, అంటే రేయాన్ రకం దారం. ఉంగరం పరీక్షకు అర్థం లేదని తర్వాత తెలిసింది, పల్చటి గుడ్డ ఏదైనా ఉంగరంలోంచి దూరుతుంది.

అసలు పష్మీనా లడఖ్ ఎత్తుల్లో పెరిగే చాంగ్‌థాంగీ మేకల లోపలి నూగు. పోగు మందం సుమారు 12 నుంచి 16 మైక్రాన్లు, మన వెంట్రుకలో నాలుగో ఐదో వంతు. అది అద్దంలా మెరవదు. మెరిసిందంటే పట్టో, విస్కోసో కలిసినట్టే. భౌగోళిక గుర్తింపు లేబుల్ ఉన్నది తప్ప కొనకండి, ధర కూడా గట్టిగానే ఉంటుంది. షాటూష్ అని ఎవరైనా గొంతు తగ్గించి చెబితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. అది టిబెట్ జింకల్ని చంపి తీసే ఉన్ని. అమ్మినా కొన్నా నేరం.

మరి డల్లాస్‌కో టొరంటోకో వెళ్ళే పిల్లలకు ఏది? పష్మీనా కాదు, లాంబ్స్‌వూల్ (గొర్రెపిల్లల ఉన్ని) లేదా మెరినో గొర్రెల ఉన్ని మఫ్లర్. రోజూ బస్సులో, మంచులో నలిగేదానికి అంత సుకుమారం పనికిరాదు. ఇక్కడ కొని సూట్‌కేసు బరువు పెంచుకోవద్దు, అక్కడి సీజను చివరి సేల్‌లో కొనుక్కోవచ్చు. ఆక్రిలిక్‌ది చవక, గుచ్చుకోదు, కానీ ఉన్నిలా వెచ్చదనం నిలపదు, నాలుగు నెలలకే ఉండలు కడుతుంది. హైదరాబాద్ డిసెంబరుకు మాత్రం అదే ఎక్కువ. మన దక్కనీ గొర్రెల గొంగడి గురించి అడిగేవాళ్ళుంటారు. అది మెడకు చుట్టేది కాదు, మనిషి మొత్తాన్ని చుట్టేది. వానకూ చలికీ దానికి సాటి లేదు, మెడకు చుడితే మాత్రం గరుకు.

సిల్కు నలుచదరం సంగతి రెండు ముక్కల్లో. ఫ్రెంచి కంపెనీ హెర్మెస్ 1937లో 90 సెంటీమీటర్ల చదరపు స్కార్ఫ్ తెచ్చినప్పటి నుంచి ప్రపంచమంతా ఆ కొలతనే పట్టుకుంది. మెడకు, జడకు, హ్యాండ్‌బ్యాగుకు కట్టొచ్చు. మన ఉక్కపోతలో మెడకు అంటుకుంటుంది. బహుమతిగా ఇవ్వడానికి బాగుంటుంది, సొంతానికైతే నేను కొనను.

కొట్టులో చూడాల్సినవి

పట్టుకి సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉందా చూడండి. మొదటిది 2004 నుంచి, రెండోది 2006 నుంచి ఉన్నాయి. లేబుల్ లేని చేనేత అంతా నకిలీ అని కాదు, సంతలో నేరుగా అమ్మే నేతగాడి దగ్గర లేబుల్ ఉండకపోవచ్చు. అక్కడ కంటినే నమ్మాలి. అనుమానం ఉంటే కొసనుంచి ఒక్క పోగు అడిగి తీసుకుని బయటికొచ్చి వెలిగించండి. పట్టు, ఉన్ని కాలితే జుట్టు కాలిన వాసన, నలిపితే పొడయ్యే బూడిద. నూలుదైతే కాగితం వాసన. పాలిస్టరు కరిగి గట్టి గుండు అవుతుంది. రేయాన్, విస్కోస్ కూడా కాగితంలాగే కాలతాయి కాబట్టి వాటిని నూలు నుంచి ఈ పరీక్ష విడదీయలేదు. అక్కడ మెరుపు, జారుడు చూసి తేల్చుకోవాలి. ముదురు రంగైతే తడిపిన తెల్ల దస్తీతో ఒక మూల రుద్దండి. దస్తీకి రంగు అంటితే మీ తెల్ల చొక్కాకూ అంటుతుంది.

ఒక్కటే కొంటానంటే నా ఓటు రెండు మీటర్ల ఇక్కత్ నూలు స్టోల్‌కి, ఆడా మగా తేడా లేకుండా. రెండు కొనగలిగితే రెండోది తేలియా. సన్మానానికి ఇవ్వాలనుకుంటే దయచేసి ఆ జరీ పాలిస్టరు శాలువా వద్దు. అదే డబ్బుకి మంచి నూలు తువ్వాళ్ళ జత వస్తుంది, వేదిక మీద కప్పినా బాగానే ఉంటుంది, మర్నాడు పెద్దాయన భుజం మీదా కనిపిస్తుంది.

బిల్లు వేయించే ముందు ఒకసారి అద్దం ముందు తలకు చుట్టండి, మెడకు వేయండి, భుజాన వేసుకుని వంగి లేవండి. జారిందా, గుచ్చుకుందా, కొస చాలలేదా అన్నది అక్కడే తేలిపోతుంది. సేల్స్‌మన్ వింతగా చూస్తాడు. చూడనివ్వండి.